ఉద్యోగపర్వం: రాయబారమా, మధ్యవర్తిత్వమా?

వ్యాససంగ్రహం: మహాభారతంలోని శ్రీకృష్ణ రాయబారాన్ని భారతీయ మధ్యవర్తిత్వానికి తొలి ఉదాహరణగా చెప్పడం న్యాయరంగంలోనూ సాహిత్య తరగతుల్లోనూ పరిపాటి అయింది. తిక్కన ఉద్యోగపర్వ కథాక్రమాన్ని ఆధునిక మధ్యవర్తిత్వ మనస్తత్వ శాస్త్రంతో, 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంతో కలిపి చదివి, ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ద్రౌపది అభ్యంతరానికి, కర్ణుడి రహస్యానికి ప్రత్యేక స్థానం ఇస్తుంది.

కీలకపదాలు: ఉద్యోగపర్వం, తిక్కన, రాయబారం, మధ్యవర్తిత్వం, రాజీ, తటస్థత, గోప్యత.

1. ఉపోద్ఘాతం

2021 జూలైలో జరిగిన భారత్-సింగపూర్ మధ్యవర్తిత్వ సదస్సులో అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ మహాభారతాన్ని ప్రస్తావించారు. కౌరవ పాండవుల నడుమ శ్రీకృష్ణుడు చేసిన ప్రయత్నాన్ని వివాద పరిష్కారానికి మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించిన తొలినాటి ఉదాహరణగా పేర్కొని, ఆ ప్రయత్నం విఫలమైనందువల్ల కలిగిన వినాశనాన్ని గుర్తుచేశారు. ఇది ఆయన ఒక్కరి మాట కాదు. మధ్యవర్తిత్వం గురించి మన దేశంలో జరిగే ప్రసంగాల్లో కృష్ణ రాయబారం తరచుగా వినిపిస్తుంది. తెలుగు శాఖల్లో ఉద్యోగపర్వ పాఠం చెప్పేటప్పుడు మనం కూడా దాన్ని శాంతి ప్రయత్నంగానే పరిచయం చేస్తాం. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడిన నేలలో రాయబార ఘట్టానికి ఉన్న ప్రతిష్ఠను గురించి వేరే చెప్పనక్కరలేదు.

పోలిక అందంగా ఉంది. అయితే అందులో ఒక చిక్కు ఉంది. రాయబారి ఒక పక్షం పంపితే వెళ్తాడు. మధ్యవర్తి ఇరుపక్షాలూ ఒప్పుకుంటే కూర్చుంటాడు. ఈ తేడాను చెరిపివేసి చదివితే కావ్యానికీ న్యాయం జరగదు, రాజీ పేరుతో ఈ రోజు ఎదురెదురుగా కూర్చుంటున్న కక్షిదారులకూ న్యాయం జరగదు.

2. పేర్ల తారుమారు

పారిభాషిక పదాల విషయంలో మనకు ఇప్పటికే గందరగోళం ఉంది. ఆర్బిట్రేషన్‌నూ మీడియేషన్‌నూ తెలుగు పత్రికలు ఒకే మాటతో, మధ్యవర్తిత్వం అనే పిలుస్తున్నాయి. మొదటి దానిలో మూడో వ్యక్తి తీర్పు చెబుతాడు, ఆ తీర్పు ఇరుపక్షాలనూ బంధిస్తుంది. రెండోదానిలో అతడికి తీర్పు చెప్పే అధికారమే లేదు. మాట కలపడమే అతడి పని. ఈ వ్యాసంలో మధ్యవర్తిత్వం అన్నప్పుడల్లా ఈ రెండో అర్థాన్నే గ్రహించాలి.

చట్టం రాసినవారికీ ఈ తడబాటు తప్పలేదు. కోర్టు వెలుపలి పరిష్కారాలకు దారి చూపే సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మధ్యవర్తిత్వానికి ఇవ్వవలసిన నిర్వచనం న్యాయిక పరిష్కారానికి, దాని నిర్వచనం దీనికి తారుమారుగా పడ్డాయని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి, వాటిని అటుదిటుగా మార్చి చదువుకోవాలని చెప్పవలసి వచ్చింది.

మన భాషలో ఇంతకంటే ఆసక్తికరమైన మార్పు ఒకటి జరిగింది. ‘తగు’ నుంచి పుట్టిన ‘తగవు’ ప్రాచీన కావ్యాల్లో న్యాయాన్ని, ఔచిత్యాన్ని సూచించేది. న్యాయం చెప్పేవాడు తగవరి. ఇప్పుడు తగవు అంటే జగడం. రచ్చ ఒకప్పుడు పదిమంది కూర్చుని మంచిచెడ్డలు విచారించే చోటు. ఇప్పుడు రచ్చ చేయడమంటే అల్లరి చేయడం. పంచాయితీ కూడా, ముఖ్యంగా తెలంగాణ వాడుకలో, గొడవకు మారుపేరైంది. న్యాయస్థానాన్నీ న్యాయాన్నీ చెప్పే మూడు మాటలు మూడు వేర్వేరు కాలాల్లో కలహం వైపు జారాయి. ఇది యాదృచ్ఛికమని కొట్టివేయవచ్చు. కాని పెద్దమనుషుల ముందుకు వెళ్లిన వ్యవహారం ఎలా ముగిసేదో వాడుకరులకు బాగా తెలుసునని అనుకోవడానికే నేను మొగ్గు చూపుతాను.

తిక్కనకు ఈ వ్యవహార జ్ఞానం కొరవడలేదు. ఆయన నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి మంత్రి. మితాక్షరను తెలుగు చేసి విజ్ఞానేశ్వరీయం అనే ధర్మశాస్త్ర గ్రంథాన్ని మనకిచ్చిన కేతన తన దశకుమార చరిత్రను అంకితమిచ్చింది తిక్కనకే. రాజ్యం పోగొట్టుకున్న మనుమసిద్ధి కోసం తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సైనిక సహాయం సంపాదించాడని ఐతిహ్యం. ఆ ఐతిహ్యాన్ని నమ్మినా నమ్మకపోయినా, రాయబారికి ఒక యజమాని ఉంటాడన్న సంగతి ఆ మంత్రికి ఒకరు చెప్పవలసినది కాదు.

3. కృష్ణుడి పక్షం

కథాక్రమాన్ని గమనిస్తే కృష్ణుడు తటస్థుడు కాడన్న సంగతిని కావ్యం ఎక్కడా దాచలేదని స్పష్టమవుతుంది. రాయబారానికి చాలా ముందే ద్వారకలో అర్జునుడూ దుర్యోధనుడూ సహాయం కోరి వచ్చారు. సేనను దుర్యోధనుడికి ఇచ్చి, తాను ఆయుధం పట్టకుండా అర్జునుడి పక్షాన నిలిచాడు. ఇద్దరికీ చెరొకటి పంచినట్టు కనిపించే ఈ ఏర్పాటు పైకి సమానత్వం. దాన్ని తటస్థత అని పిలవలేం. నేటి చట్టం ప్రకారం మధ్యవర్తిగా కూర్చోబోయేవాడు తనకు ఏ పక్షంతోనైనా ఉన్న సంబంధాన్ని, తన స్వతంత్రతపై అనుమానం కలిగించగల పరిస్థితిని ముందే వెల్లడించాలి. రథసారథ్యానికి మాట ఇచ్చినవాడి దగ్గర ఆ వెల్లడింపుతోనే వ్యవహారం ఆగిపోతుంది.

హస్తినాపురంలో దుర్యోధనుడి విందును కృష్ణుడు తిరస్కరించిన ఘట్టం ఇంకా స్పష్టమైనది. కారణం అడిగినప్పుడు దూతలు వచ్చిన పని నెరవేరాకే ఆతిథ్యం స్వీకరిస్తారంటాడు. మరీ అడిగితే ప్రీతి ఉన్నచోటో ఆపదలోనో తప్ప పరుల అన్నం తినరాదని, ఇక్కడ ఆ రెండూ లేవని, పాండవులను ద్వేషించేవాడు తననూ ద్వేషించినట్టేనని చెబుతాడు. తన పక్షమేదో ఇంత నిజాయతీగా చెప్పుకున్న వ్యక్తిని తటస్థుడిగా నిలబెట్టింది మన ప్రసంగాలే.

పైగా బయలుదేరే ముందే ప్రయాణ ప్రయోజనాన్ని ధర్మరాజుకు వివరించాడు: దుర్యోధనుడి విషయంలో రెండు మనసులతో ఉన్న లోకానికి సందేహం తీర్చాలి. అంటే రాయబారానికి శ్రోతలు సభలో ఉన్న కౌరవులు మాత్రమే కారు; తప్పు ఎవరిదో తేల్చవలసిన లోకం కూడా. సంధి కుదిరితే మేలే, కుదరకపోతే నిందను వేయవలసినచోట వేసి రావాలి. రాజనీతిలో ఇది ఉత్తమమైన పని. మధ్యవర్తిత్వంలో ఇది నిషిద్ధం. ఒప్పందం కుదరనప్పుడు మధ్యవర్తి ఇచ్చే నివేదికలో ఎందుకు కుదరలేదో, ఎవరు ఎలా ప్రవర్తించారో రాయరాదని 2023 చట్టం శాసిస్తుంది. విఫలమైతే నింద తనమీద పడుతుందన్న భయం ఉన్నచోట కక్షిదారుడు మనసు విప్పడు, కాగితం కోసం మాట్లాడతాడు. దుర్యోధనుడు ఆ సభలో అలాగే మాట్లాడాడు.

4. సభలోని మనస్తత్వం

రాయబారం ఎందుకు విఫలమైందన్న ప్రశ్నకు మన విమర్శలో దొరికే జవాబు దుర్యోధనుడి అహంకారం. రంగస్థలం ఆ జవాబును మరింత స్థిరపరచింది. కాని సభలో అతడు చెప్పిన జవాబును వాదంగా వింటే మరొకటి తెలుస్తుంది. జూదానికి పాండవులు ఇష్టపడే వచ్చారు, ఇష్టపడే ఓడారు, అందులో నా తప్పేమిటి? నేను చిన్నవాడినై ఉన్నప్పుడు అజ్ఞానంతోనో భయంతోనో పెద్దలు వారికి రాజ్యభాగం ఇచ్చారు, ఇప్పుడు నేనెందుకు ఇవ్వాలి? ఇది అతడి వాదం. దీనికి ముందే కర్ణుడు మరో అంశాన్ని లేవనెత్తాడు: గడువు పూర్తికాకముందే పాండవులు బయటపడ్డారు కనుక షరతు నెరవేరలేదు. విరాటపర్వంలో భీష్ముడు అధికమాసాలు లెక్కకట్టి గడువు తీరిందని చెప్పాడు. అయితే దుర్యోధన వర్గం ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఒప్పందపు గడువును ఎలా లెక్కించాలన్నది అచ్చమైన వ్యవహార వివాదం. కౌరవ సభలో దాన్ని నిదానంగా ఎవరూ విచారించలేదు. ఎవరికి వారు అది తేలిపోయిందనే మాట్లాడారు.

తన కేసు గెలుస్తుందని ప్రతి కక్షిదారుడూ నిజంగానే నమ్ముతాడు. ఇందులో కపటం ఉండనక్కరలేదు. 1990లలో లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్ తదితరులు అమెరికాలోని టెక్సస్‌లో జరిగిన ఒక వాహన ప్రమాదపు కేసు కాగితాలను ప్రయోగంలో పాల్గొన్నవారికి ఇచ్చి, కొందరిని వాదులుగా, కొందరిని ప్రతివాదులుగా ఉండమన్నారు. న్యాయమూర్తి ఎంత పరిహారం ఇస్తాడో ఊహించమంటే, అవే కాగితాలు చదివిన వాదుల అంచనా ప్రతివాదుల అంచనాకంటే ఎంతో ఎక్కువగా వచ్చింది. ఈ అంతరం ఎక్కువగా ఉన్న జంటలు రాజీకి రాలేకపోయాయి. కాగితాలు చదివిన తర్వాత పక్షం తెలుసుకున్నవారిలో అంతరం తగ్గింది. పక్షం ముందు పుడుతుంది, చదువు దాని వెంట నడుస్తుంది. దుర్యోధనుడి విషయంలో పక్షం అతడి బాల్యంలోనే పుట్టింది.

ఐదు ఊళ్ల ప్రతిపాదన ఇంతకంటే బోధకమైనది. సంజయుడి ద్వారా ధర్మరాజు ఈ కోరికను పంపినప్పుడు అది ఉదారమైన తగ్గింపు అని పాఠకుడికి అనిపిస్తుంది. దుర్యోధనుడికి అలా అనిపించలేదు. మన సేనను చూసి భయపడి రాజ్యం వదిలి ఐదు ఊళ్లు అడుక్కుంటున్నాడని తండ్రితో చెప్పాడు. ఒక ప్రతిపాదన విలువ అది ఎవరి నోట వచ్చిందన్నదాన్ని బట్టి పడిపోయే ఈ ధోరణిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్, ఆయన సహచరులు 1980లలో పరిశీలించారు. ఒకే ఆయుధ తగ్గింపు ప్రతిపాదనను అమెరికన్ల ముందు పెట్టి, రీగన్ చేసినదని చెబితే మెచ్చుకున్నవారు ఎక్కువ. గోర్బచేవ్ చేసినదని చెబితే తక్కువ. ఎదుటివాడు ఇస్తానన్నది ఇచ్చిన క్షణంలోనే చులకనవుతుంది. అందుకే నేర్పున్న మధ్యవర్తి ఒక పక్షపు తగ్గింపును ఆ పక్షం పేరుతో మోసుకుపోడు. ఇరువురినీ విడివిడిగా కలిసి, అది చర్చలోంచి పుట్టిన ఆలోచనగా ముందుకు తెస్తాడు. ఐదు ఊళ్ల మాటను మోసుకెళ్లినవాడు ధృతరాష్ట్రుడి కొలువులోని సంజయుడే అయినా, అది ధర్మరాజు అభ్యర్థనగానే సభకు చేరింది. కృష్ణుడు వచ్చేసరికి అది అప్పటికే ఎగతాళి పాలై ఉంది.

ఇక అధికారం మాట. కృష్ణుడు మొదట మాట్లాడింది ధృతరాష్ట్రుడితో. శాంతి మీ చేతిలోనూ నా చేతిలోనూ ఉందన్నాడు. పరశురాముడు, కణ్వుడు, నారదుడు కథలు చెప్పారు. చివరికి ధృతరాష్ట్రుడు తాను స్వతంత్రుడిని కానని, దుర్యోధనుడికి మీరే చెప్పుకోండని తప్పుకున్నాడు. సంతకం చేయవలసినవాడికి సంతకం చేసే అధికారం లేకపోవడం మధ్యవర్తిత్వ కేంద్రాల్లో అందరికీ తెలిసిన ఇబ్బంది. బీమా సంస్థ తరఫునో ప్రభుత్వ శాఖ తరఫునో వచ్చినవారు అన్నీ విని, పైవారిని అడగాలని లేచిపోతారు. తేడా ఒక్కటే. వారికి నిజంగా పైవారు ఉంటారు, సింహాసనం మీద ఉన్న ధృతరాష్ట్రుడికి లేరు. అధికారం లేదనడం అతడికి ఒక ఆశ్రయం.

సభ నిండుగా ఉండగా, పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు మందలిస్తుండగా, దుర్యోధనుడు వెనక్కి తగ్గి ఉండగలడా? అంతమందిలో తగ్గడం ఓటమి ఒప్పుకోవడమే. సంధికి ఒప్పుకోకపోతే మనల్నే కట్టి అప్పగిస్తారేమోనని దుశ్శాసనుడు అన్న మాట అతడి భయాన్ని పైకి తెచ్చింది. అతడు సభ విడిచిపోగానే కృష్ణుడు ఇచ్చిన సలహా సరిగ్గా అదే: అతడినీ, అతడి అనుచరులనూ బంధించి పాండవులకు అప్పగించమన్నాడు. కులం కోసం ఒకడిని విడవడం రాజనీతి కావచ్చు. తలుపుల అవతల ఉన్న కక్షిదారుడికి మాత్రం తన అనుమానం నిజమైందనే అర్థమవుతుంది. కృష్ణుడిని పట్టుకోవాలన్న కుట్ర ఆ వెంటనే బయటపడుతుంది.

5. ద్రౌపది అభ్యంతరం

రాయబారాన్ని కొనియాడే ప్రసంగాల్లో నాకు కనిపించనిది ద్రౌపది. ఉపప్లావ్యంలో కృష్ణుడు బయలుదేరే ముందు అందరి అభిప్రాయం చెప్పారు. ధర్మరాజుకు యుద్ధమూ వద్దు, రాజ్యం పోవడమూ వద్దు. భీముడు కూడా మెత్తబడ్డాడు. కృష్ణుడు అతడిని ఎత్తిపొడిచాడు. సహదేవుడూ సాత్యకీ మాత్రం యుద్ధమే కావాలన్నారు. ద్రౌపది వారిని మెచ్చుకుని, తన జుట్టు చేతపట్టి కృష్ణుడికి చూపి, భీమార్జునులు సంధి కోరితే ముసలి తండ్రీ సోదరులూ తన కొడుకులూ అభిమన్యుడిని ముందుంచుకుని పోరాడతారని చెప్పింది. తెలుగు విద్యార్థులు తిక్కన ద్రౌపది ప్రసంగాన్ని రౌద్ర కరుణల సమ్మేళనంగా చదువుతారు. అది సరైన చదువే. అయితే ఆ ప్రసంగంలో ఒక వాదం ఉంది. దాన్ని రసానికి అప్పగించి వదిలేస్తున్నాం.

ఆమె వాదం ఇది: చర్చ జరుగుతున్నది భూమి గురించి, నేరం జరిగింది నా పట్ల. ఐదు ఊళ్లకైనా సగం రాజ్యానికైనా కుదిరే ఒప్పందంలో కురుసభలో జరిగిన అవమానానికి ఒక్క వాక్యమైనా ఉండదు. భూమి పంచుకోగల వస్తువు కనుక బేరానికి లొంగుతుంది. పరాభవం లొంగదు. అందువల్ల సంధి చేసేవారు లొంగేదాన్నే వివాదమని నిర్వచించి, లొంగని దాన్ని పక్కన పెడతారు.

యేల్ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఓవెన్ ఫిస్ 1984లో రాజీలకు వ్యతిరేకంగా రాసిన ప్రసిద్ధ వ్యాసంలో లేవనెత్తిన ప్రశ్నకు ఇది దూరం కాదు. పక్షాల బలం అసమానమైనప్పుడు రాజీ ఆ అసమానతకే ముద్ర వేస్తుందని, కోర్టు పని శాంతిని కొనితేవడం మాత్రమే కాదని ఆయన వాదన. 1991లో ట్రినా గ్రిల్లో కాలిఫోర్నియాలో విడాకుల కేసుల్లోని నిర్బంధ మధ్యవర్తిత్వాన్ని విమర్శిస్తూ, గతాన్ని తవ్వకండి, భవిష్యత్తు మాట్లాడండి అన్న మధ్యవర్తుల నియమం స్త్రీల కోపాన్ని అమర్యాదగా మార్చి నోరు మూయిస్తుందని చూపింది. జుట్టు చేతపట్టి నిలబడడమంటే గతాన్ని తవ్వడమే.

సంజయ రాయబారం ఈ సందర్భంలో మళ్లీ చదవదగినది. అతడు తెచ్చిన సందేశంలో ఇచ్చేదేమీ లేదు. ధర్మం గొప్పది, యుద్ధం చెడ్డది, బంధువులను చంపి ఏలడంకంటే అంధక వృష్ణుల రాజ్యంలో బిచ్చమెత్తి బతకడం మేలు. నష్టపోయినవాడికి మాత్రమే చెప్పే ఈ నీతి మనకు కొత్తది కాదు. కుటుంబ వివాదాల్లో సర్దుకుపొమ్మని చెప్పే పెద్దలు ఆ మాటను ఎవరి వైపు తిరిగి చెబుతారో చూస్తే చాలు. సంధిని కోరేవాడు ఎంత ధార్మికుడైతే ఈ మాట అంత బాగా పనిచేస్తుంది, కనుకనే అది ధర్మరాజుకు చేరింది, దుర్యోధనుడికి కాదు.

2023 చట్టం ఈ ప్రమాదాన్ని కొంత గుర్తించింది. మధ్యవర్తిత్వానికి తగని వివాదాల పట్టికలో నేర విచారణలను చేర్చింది. కాని రాజీకి వీలున్న నేరాలను, వైవాహిక వివాదాలకు సంబంధించిన నేరాలను కోర్టు తగునని భావిస్తే పంపవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చింది. కుదిరిన ఒప్పందానికి డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. దాన్ని సవాలు చేయడానికి చట్టం పేర్కొన్న కారణాలు మోసం, అవినీతి, ఒకరి బదులు మరొకరు రావడం, తగని వివాదాన్ని మధ్యవర్తిత్వానికి తేవడం. ఒత్తిడి అన్న మాట విడిగా ఆ జాబితాలో లేదు. అత్తింటివారూ పుట్టింటివారూ కలిసి కూర్చోబెట్టి సంతకం చేయించిన స్త్రీ ఈ నాలుగు కారణాల్లో దేన్ని ఎంచుకోవాలి? మధ్యవర్తిత్వాన్ని వ్యతిరేకించడానికి ఈ ప్రశ్న అడగడం లేదు. వ్యాజ్యాల భారాన్ని తగ్గించడంలో, కుటుంబాలూ వ్యాపార భాగస్వాములూ మళ్లీ మాట్లాడుకునేలా చేయడంలో దాని విలువ నిర్వివాదం. కాని దానికి మూలపురుషుడిగా కృష్ణుడిని నిలిపి, సంధి కుదరకపోవడమే మహావిషాదమని చెప్పే కథనంలో ద్రౌపది ఒక అడ్డంకిగా మిగులుతుంది. సంధి కుదిరి ఉంటే ఆమెకు దక్కేదేమిటన్న ప్రశ్నను కావ్యం అడిగింది. కృష్ణుడు కూడా ఆమెకు సంధి మాట ఇవ్వలేదు. కౌరవ స్త్రీలు ఏడవడం త్వరలోనే చూస్తావని చెప్పి రథమెక్కాడు.

6. రథం మీద మాట

పర్వం మొత్తంలో నేటి అర్థంలో మధ్యవర్తిత్వపు నియమాన్ని నిజంగా పాటించిన సందర్భం ఒకటి ఉంది. అది సభలో జరగలేదు. రాయబారం విఫలమైన తర్వాత కృష్ణుడు కర్ణుడిని తన రథం మీద ఎక్కించుకుని ఊరి వెలుపలికి తీసుకెళ్లాడు. జన్మ రహస్యం చెప్పాడు. జ్యేష్ఠుడిగా రాజ్యం నీదేనన్నాడు. ఉద్దేశం నిస్సందేహంగా భేదోపాయం. ఎదుటి పక్షపు ప్రధాన బలాన్ని చీల్చడం. కాని ఏకాంతం కావడంతో సంభాషణ స్వభావం మారింది. సభలో ప్రగల్భాలు పలికే కర్ణుడు ఇక్కడ పెంచిన తల్లిదండ్రుల గురించి, దుర్యోధనుడి స్నేహపు రుణం గురించి, రాబోయే ఓటమి గురించి నిబ్బరంగా మాట్లాడతాడు. గెలుపు ఎవరిదో తనకు తెలుసునంటాడు. బేరసారాలను అధ్యయనం చేసేవారు పైకి చెప్పే పట్టుకూ లోపలి అవసరానికీ తేడా చూడమంటారు. 1981లో రోజర్ ఫిషర్, విలియం యూరీ రాసిన గ్రంథంతో అది పాఠ్యాంశమైంది. కర్ణుడి లోపలి అవసరం రాజ్యం కాదని, మాట నిలుపుకోవడమని ఈ ఒక్క చోట తెలుస్తుంది. కృష్ణుడు తెచ్చిన ప్రతిపాదన గొప్పదే, కాని అది కర్ణుడికి అక్కరలేనిది.

అప్పుడు కర్ణుడు ఒక షరతు పెడతాడు. ఈ సంగతి ధర్మరాజుకు తెలియకూడదు. తెలిస్తే అతడు రాజ్యం తీసుకోడు, నాకిస్తాడు; నేను దాన్ని దుర్యోధనుడికి ఇచ్చేస్తాను. ఈ తర్కంలో లోపం లేదు. ఆ రహస్యం బయటపెడితే యుద్ధం ఆగిపోయే అవకాశం ఉంది. కృష్ణుడి చేతిలో ఉన్న సమాచారాల్లో ఇంతటి బలమున్నది మరొకటి లేదు. తన పక్షానికే రాజ్యం దక్కకుండా పోతుందన్న లెక్క కూడా అతడి మౌనంలో ఉండి ఉండవచ్చు. దూత కనుక ఆ లెక్క వేయడం అతడి ధర్మమే. కానీ కారణం ఏదైనా, చెప్పినవాడి అనుమతి లేకుండా ఏకాంతపు మాటను రెండో పక్షానికి చేరవేయరాదన్న నియమాన్ని అతడు అక్షరాలా పాటించాడు. ఉపప్లావ్యానికి తిరిగివచ్చి హస్తినలో జరిగినదంతా ధర్మరాజుకు చెప్పాడు. రథం మీది మాటను చెప్పలేదు.

ధర్మరాజు దాన్ని స్త్రీపర్వంలో, చనిపోయినవారికి నీళ్లు వదిలే వేళ, కుంతి నోట విన్నాడు.